డ్రెస్డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం ఉద్యోగ ప్రకటనలు: అభ్యర్థి వైపు నుంచి ఒక సమీక్ష

జర్మనీలో ఎం.ఎస్. చదివే తెలుగు విద్యార్థులు చదువు ముగిసే సమయానికి కంపెనీల వెంట పడతారు గానీ, తాము రోజూ తరగతులకు వెళ్లే విశ్వవిద్యాలయమే ఆ నగరంలోని పెద్ద ఉద్యోగదాతల్లో ఒకటన్న సంగతి చాలామందికి తట్టదు. సాక్సనీ రాష్ట్ర రాజధాని డ్రెస్డెన్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం అందుకు మంచి ఉదాహరణ. 1828లో ఒక సాంకేతిక శిక్షణాలయంగా మొదలై, 1961లో ఇప్పటి పేరు పొంది, 2012లో జర్మనీ శ్రేష్ఠ విశ్వవిద్యాలయాల జాబితాలోకి వచ్చి, 2019లో ఆ హోదాను నిలబెట్టుకున్న ఈ సంస్థలో దాదాపు 30 వేల మంది విద్యార్థులు, 8 వేలకు పైగా సిబ్బంది ఉన్నారు. పరిశోధన, పరిపాలన, ప్రయోగశాల, గ్రంథాలయం, అప్రెంటిస్ శిక్షణ అనే తేడా లేకుండా ఖాళీలను బహిరంగంగా ప్రకటించడం దాని పద్ధతి. పరిశోధన ఉద్యోగాల ప్రకటనలు చాలావరకు ఇంగ్లీషులోనూ వస్తాయి. దరఖాస్తు చేయాలనుకునే తెలుగువారికి ఈ ప్రకటనలు ఎంతవరకు ఉపయోగపడతాయో పరిశీలించడం ఈ సమీక్ష ఉద్దేశం. నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. పరిశోధన ఉద్యోగాల విషయంలో ఇంత నిజాయితీగా రాసే ప్రకటనలు తక్కువ. సిబ్బంది ఉద్యోగాల విషయంలో మాత్రం జర్మన్ భాష బాగా రానివారికి ఇక్కడ దొరికేది దాదాపు శూన్యం.

పైపైన చూస్తే ప్రతి ప్రకటనా ప్రభుత్వ జీవోలా పొడిగా ఉంటుంది. ఏ ఫ్యాకల్టీ, ఏ ఇన్‌స్టిట్యూట్, ఏ ప్రొఫెసర్ విభాగం అన్నది మొదట వస్తుంది. తర్వాత పదవి పేరు, ఏ జెండర్ వారైనా అర్హులేనని తెలిపే మూడు అక్షరాలు, ఆ కింద వేతన తరగతి, చేరవలసిన తేదీ, ఎన్ని నెలల ఒప్పందం, పూర్తి పనివేళల్లో ఎంత శాతం అన్న వివరాలు ఉంటాయి. మనవాళ్లు సాధారణంగా ఈ భాగాన్ని దాటేసి, పరిశోధన అంశం తమకు నప్పుతుందో లేదో చూసుకుని దరఖాస్తు పెట్టేస్తారు. అయితే అభ్యర్థి రాబోయే మూడు నాలుగేళ్ల జీవితం ఎలా ఉంటుందో చెప్పేవి ఆ నాలుగైదు పంక్తులే కాబట్టి, వాటిని నిదానంగా చదవాలని గట్టిగా చెబుతాను.

ఉదాహరణకు చాలా ప్రకటనల్లో 'నిధులు అందుబాటులో ఉన్నట్లయితే' అనే షరతు ఒకటి కనిపిస్తుంది. జర్మనీలో పరిశోధనలకు నిధులిచ్చే సంస్థ డీఎఫ్‌జీ గానీ, కేంద్ర పరిశోధన మంత్రిత్వ శాఖ గానీ, యూరోపియన్ యూనియన్ గానీ ఇవ్వవలసిన ప్రాజెక్టు నిధి ఇంకా చేతికి అందక ముందే ప్రొఫెసర్ మనిషి కోసం వెతకడం మొదలుపెట్టినప్పుడు ఈ మాట రాస్తారు. ఇందులో మోసం ఏమీ లేదు, ఉన్న పరిస్థితిని ఉన్నట్లుగా చెప్పడమే. అయితే ఈ షరతు ఉన్న ఉద్యోగానికి పిలుపు వస్తే, నిధి మంజూరు పత్రం వచ్చిందా అని ఇంటర్వ్యూలోనే మర్యాదగా అడగాలి. అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు. అడగకుండా చేతిలో ఉన్న మరో అవకాశాన్ని వదులుకోవడం మాత్రం ప్రమాదం.

ఇక ఒప్పందం వ్యవధి సంగతి. విశ్వవిద్యాలయ ఉద్యోగం అంటే పదవీ విరమణ దాకా కదిలించలేనిదని మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. అందుకే ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేయగానే ఇంట్లోవాళ్ల మొదటి ప్రశ్న 'పర్మనెంటేనా?' అని వస్తుంది. కాదు. డ్రెస్డెన్ ప్రకటనల్లో పరిశోధన ఉద్యోగాల కాలపరిమితి విద్యారంగ తాత్కాలిక ఒప్పందాల చట్టాన్ని అనుసరించి ఉంటుందని ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. 2007 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం ప్రకారం ఒక వ్యక్తిని డాక్టరేటుకు ముందు గరిష్ఠంగా 6 ఏళ్లు, డాక్టరేటు తర్వాత మరో 6 ఏళ్లు, వైద్యరంగమైతే 9 ఏళ్లు, తాత్కాలిక ఒప్పందాల మీద పనిలో ఉంచవచ్చు. పిల్లలు ఉంటే ఒక్కొక్కరికి 2 ఏళ్ల చొప్పున ఆ పరిమితిని పొడిగించే వీలుంది. బయటి నిధులతో నడిచే ప్రాజెక్టు ఉద్యోగాలకు ఈ లెక్కతో ముడిపడని మరో నిబంధన ఉంది. దాని కింద ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఒప్పందం ఉంటుంది. ఈ పద్ధతిలో ఏళ్ల తరబడి అనిశ్చితిలో బతకవలసి వస్తోందని 2021లో జర్మనీ యువ పరిశోధకులు 'ఇష్ బిన్ హన్నా' (నేను హన్నాను; ఈ చట్టాన్ని సమర్థించిన ప్రభుత్వ వీడియోలోని పరిశోధకురాలి పేరు హన్నా) పేరిట సామాజిక మాధ్యమాల్లో పెద్ద ఎత్తున గొంతెత్తారు. వారి ఆవేదన న్యాయమైనదేనని నేను నమ్ముతాను. డాక్టరేటు చేసి పరిశ్రమలోకి వెళ్లాలనుకునేవారికి ఈ చట్టం పెద్ద అడ్డంకి కాదు గానీ, జర్మన్ విశ్వవిద్యాలయాల్లోనే స్థిరపడాలన్న ఆశతో వచ్చేవారు చేరకముందే దీన్ని తెలుసుకోవాలి. 'ఈ పదవిలో ఉన్నవారికి తదుపరి విద్యార్హత, సాధారణంగా పీహెచ్.డీ., పొందే అవకాశం ఉంటుంది' అన్న వాక్యం ప్రకటనలో ఉందో లేదో కూడా చూడాలి. ఆ వాక్యం లేకపోతే అది కేవలం ప్రాజెక్టు పని కావచ్చు. పని ఒప్పుకున్నాక డాక్టరేటు గురించి అడిగితే ప్రొఫెసర్ ఇబ్బంది పడతారు, అభ్యర్థి నిరాశ పడతారు.

జీతం దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ ప్రకటనల్లో నాకు తీవ్రమైన అభ్యంతరం ఉన్నది ఇక్కడే. 'టీవీ-ఎల్ ఇ 13' అని మాత్రమే రాస్తారు, యూరోల్లో ఎంతో చెప్పరు. టీవీ-ఎల్ అంటే జర్మన్ రాష్ట్రాల ప్రభుత్వ రంగ ఉద్యోగులకు కార్మిక సంఘాలతో కుదిరిన వేతన ఒప్పందం. ఇ 13 అంటే మాస్టర్స్ స్థాయి విద్య అవసరమైన పనికి ఇచ్చే తరగతి. 2025 ఫిబ్రవరి లెక్క ప్రకారం ఆ తరగతి మొదటి మెట్టులో పూర్తికాలపు స్థూల వేతనం నెలకు సుమారు 4,600 యూరోలు ఉండేది. కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రికల్ విభాగాల్లో పూర్తికాలపు ఉద్యోగాలు తరచుగా కనిపిస్తాయి గానీ, 65 శాతం అని ప్రకటించేవి కూడా తక్కువేమీ కావు. ఆ లెక్కన 65 శాతం అంటే స్థూల వేతనం సుమారు 3,000 యూరోలు. పన్ను, ఆరోగ్య బీమా, పింఛను, నిరుద్యోగ బీమా కోతలన్నీ పోగా ఒంటరి వ్యక్తి చేతికి 2,000 యూరోలకు కాస్త పైన వస్తుంది. డ్రెస్డెన్ అద్దెలు మ్యూనిక్ కంటే బాగా తక్కువ కాబట్టి ఒక్కరు బతకడానికి ఇది చాలుతుంది. భార్యాపిల్లలతో వచ్చేవారు మాత్రం బాగా ఆలోచించుకోవాలి. మరో సంగతి ఏమిటంటే, 65 శాతం అన్నది జీతానికి చెప్పిన కొలతే గానీ పనికి చెప్పిన కొలత కాదని అందరికీ తెలుసు. మిగిలిన సమయం మీ సొంత పరిశోధన గ్రంథానికని చెబుతారు, ఆచరణలో ప్రాజెక్టు పనిని, గ్రంథం పనిని విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇంత లోటు ఉన్నా ఈ పద్ధతిలో ఒక గొప్ప సుగుణం ఉంది. జీతం బేరం మీద ఆధారపడదు. హైదరాబాద్ నుంచి వచ్చినవారికైనా, హాంబర్గ్ నుంచి వచ్చినవారికైనా ఒకే తరగతి, ఒకే మెట్టు అయితే ఒకే జీతం. ఏడాదికి 30 రోజుల సెలవు, నవంబరులో వచ్చే అదనపు చెల్లింపు అందరికీ వర్తిస్తాయి. మొదటి మెట్టులో ఏడాది, రెండో మెట్టులో 2 ఏళ్లు గడిచాక పై మెట్టుకు వెళతారు. సంబంధిత రంగంలో పని అనుభవం ఉన్నవారిని మొదటే పై మెట్టులో పెట్టే అవకాశం కూడా ఉంది కాబట్టి, మన దేశంలో చేసిన పరిశోధన ఉద్యోగాల అనుభవ పత్రాలను ఒప్పందం మీద సంతకం పెట్టకముందే సిబ్బంది విభాగానికి ఇవ్వాలి. సంతకం అయ్యాక అడిగితే పని జరగడం కష్టం. ఈ మెట్ల సంగతి ప్రకటనలో ఒక్క ముక్క కూడా ఉండదు. మన ఐఐటీ, ఎన్ఐటీల ప్రాజెక్టు ప్రకటనల్లో జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్ఎఫ్)కు నెలకు 37,000 రూపాయలు, సీనియర్ రీసెర్చ్ ఫెలో (ఎస్ఆర్ఎఫ్)కు 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం అని సూటిగా రాసి ఉంటుంది. ఆ స్పష్టత డ్రెస్డెన్ ప్రకటనల్లోనూ ఉండాలి. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన వేతన పారదర్శకత ఆదేశాన్ని సభ్య దేశాలు తమ చట్టాల్లో చేర్చుకోవడానికి పెట్టిన గడువు 2026 జూన్. ఇంటర్వ్యూకు ముందే జీతం ఎంతో అభ్యర్థికి తెలియాలన్నదే ఆ ఆదేశంలోని ఒక ముఖ్యాంశం కనుక, ఇకనైనా ఈ ప్రకటనల్లో అంకెలు కనిపిస్తాయని ఆశిస్తున్నాను.

అర్హతల భాగంలో 'చాలా మంచి లేదా మంచి స్థాయిలో ఉత్తీర్ణత' అన్న మాటను మర్యాదకు రాసినదిగా తీసుకోకూడదు. జర్మన్ మార్కుల పద్ధతిలో 1.0 అత్యుత్తమం, 4.0 కనీస ఉత్తీర్ణత. 1.5 వరకు చాలా మంచిది, 2.5 వరకు మంచిది. మన పది పాయింట్ల సీజీపీఏను మార్చడానికి విశ్వవిద్యాలయాలు ఎక్కువగా బవేరియన్ సూత్రాన్ని వాడతాయి: గరిష్ఠానికీ మీ సీజీపీఏకూ ఉన్న తేడాను గరిష్ఠానికీ కనీస ఉత్తీర్ణతకూ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలుపుతారు. గరిష్ఠం 10, కనీస ఉత్తీర్ణత 5 అనుకుంటే 8.5 సీజీపీఏ జర్మన్ లెక్కలో 1.9 అవుతుంది, అంటే 'మంచి' శ్రేణిలోకి వస్తుంది. ఈ లెక్క ముందే వేసుకుని బయోడేటాలో చూపించిన దరఖాస్తును చదివేవారికి పని తగ్గుతుంది. మన డిగ్రీ ఇచ్చిన సంస్థకు జర్మనీలో ఏ గుర్తింపు ఉందో 'అనాబిన్' అనే అధికారిక సమాచార నిధిలో చూసుకోవచ్చు. బి.టెక్. మాత్రమే ఉన్నవారు ఈ ఇ 13 ఉద్యోగాలకు దరఖాస్తు చేసి సమయం వృథా చేసుకోవద్దు. నాలుగేళ్ల బి.టెక్. అక్కడ బ్యాచిలర్స్ కిందే లెక్క, డాక్టరేటుకు సాధారణంగా మాస్టర్స్ తప్పనిసరి.

దరఖాస్తు పంపే పద్ధతి పాతకాలపుది. పెద్ద కంపెనీల్లాగా ఖాతా తెరిచి గంటసేపు గడులు నింపవలసిన బాధ లేదు, అన్ని పత్రాలనూ ఒకే పీడీఎఫ్‌గా చేసి విశ్వవిద్యాలయపు సురక్షిత మెయిల్ ద్వారా గానీ, సాధారణ ఈమెయిల్‌లో గానీ పంపమంటారు. కాగితం మీద పంపితే కేంద్ర తపాలా విభాగం ముద్ర పడిన తేదీయే లెక్క. పంపిన పత్రాలు వెనక్కి ఇవ్వబోమని, ఇంటర్వ్యూకు వచ్చే ఖర్చులు భరించబోమని ప్రకటనలోనే చెబుతారు. ఆ పీడీఎఫ్‌కు ముందు పెట్టే లేఖ చాలా ముఖ్యం. 'రెస్పెక్టెడ్ సర్' అని మొదలై, విభాగం పేరు మాత్రమే మార్చి పదిమంది ప్రొఫెసర్లకు పంపిన లేఖను అక్కడివారు రెండు వాక్యాల్లో పసిగడతారు. ఆ విభాగం ప్రచురించిన ఒక పత్రాన్ని నిజంగా చదివి, దానికీ మీ మాస్టర్స్ థీసిస్‌కూ ఉన్న సంబంధాన్ని ఒక పేరాలో రాస్తే చాలు. దరఖాస్తుకు రుసుము ఏమీ లేదు. జర్మన్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఇప్పిస్తామని ఏ కన్సల్టెన్సీ అయినా డబ్బు అడిగితే, అది అబద్ధమని నిశ్చింతగా అనుకోవచ్చు.

జర్మన్ విశ్వవిద్యాలయాల ప్రకటనలన్నింటిలోనూ ఉండే ఒక బలహీనతను కూడా చెప్పాలి. ఫలానా ఉద్యోగానికి ఆ విభాగంలోనే మాస్టర్స్ థీసిస్ చేసిన విద్యార్థిని ఇప్పటికే అనుకున్నారా, లేక నిజంగా బయటివారి కోసం వెతుకుతున్నారా అన్నది ప్రకటన చూసి తెలుసుకోవడం కష్టం. గడువు చాలా తక్కువగా ఉండి, అర్హతల్లో ఫలానా పరికరం మీద, ఫలానా సాఫ్ట్‌వేర్ మీద అనుభవం కావాలని అతి సూక్ష్మంగా రాసి ఉంటే అనుమానించవలసిందే. పేరు చెప్పనవసరం లేని మరో జర్మన్ విశ్వవిద్యాలయానికి నేను దరఖాస్తు చేసినప్పుడు నెలల తరబడి ఏ జవాబూ రాలేదు, చివరికి ఆ విభాగం సభ్యుల జాబితాలో కొత్త పేరు కనిపించాకే ఆ స్థానం భర్తీ అయిందని తెలిసింది. ఎంపిక కాలేదని ఒక్క పంక్తి రాయడం ఏ సంస్థకైనా పెద్ద భారం కాదు. అభ్యర్థి మాత్రం ఆ పంక్తి కోసం మిగతా నిర్ణయాలన్నీ ఆపుకుని కూర్చుంటాడు. ఈ విషయంలో అక్కడి విశ్వవిద్యాలయాలు మారాలి.

సిబ్బంది ఉద్యోగాల ప్రకటనలకు వస్తే భాషే మొదటి అడ్డుగోడ. సచివాలయ పనులు, ఆర్థిక విభాగం, భవనాల నిర్వహణ, ప్రయోగశాల సాంకేతిక నిపుణులు, కంప్యూటర్ కేంద్రం, గ్రంథాలయం ఇలా ఖాళీలు చాలా రకాలుగా ఉంటాయి గానీ, ప్రకటనలు ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటాయి. రోజువారీ పని అంతా అదే భాషలో నడుస్తుంది కాబట్టి దీన్ని వివక్ష అనలేము. ఇ 5 నుంచి ఇ 8 వరకు ఉన్న తరగతులకు జర్మనీ పద్ధతిలో మూడేళ్ల వృత్తి శిక్షణ, ఇ 9 నుంచి ఇ 12 వరకు ఉన్నవాటికి బ్యాచిలర్స్ స్థాయి చదువు అడగడం సాధారణం. మన ఐటీఐ, పాలిటెక్నిక్ డిప్లొమాలు ఆ వృత్తి శిక్షణతో నేరుగా సమానం కావు, గుర్తింపు ప్రక్రియ వేరుగా చేయించుకోవాలి. జీవిత భాగస్వామి వీసా మీద వచ్చి, ఇంట్లో ఉండలేక ఏదైనా ఉద్యోగం కోసం ఎదురుచూసే తెలుగు మహిళల్లో మంచి చదువు, అనుభవం ఉన్నవారు చాలామంది ఉన్నారు. వారికి నేను చెప్పేది ఒకటే: బి2 స్థాయి (చాలావరకు ధారాళంగా మాట్లాడగల స్థాయి) జర్మన్ వచ్చేదాకా ఈ జాబితాను చూసి నిరాశపడవద్దు, అది వచ్చాక మాత్రం తప్పక చూడండి. పరిశోధన ఒప్పందాలకు భిన్నంగా, ఈ వైపు ఉద్యోగాల్లో కాలపరిమితి లేనివి నిజంగా దొరుకుతాయి. కుటుంబ బాధ్యతలున్నవారికి అనువైన పనివేళలూ ఉంటాయి. తీవ్ర వైకల్యం ఉన్న అభ్యర్థి కనీస అర్హతలు కలిగి ఉంటే ప్రభుత్వ రంగ సంస్థలు ఇంటర్వ్యూకు పిలిచి తీరాలన్నది జర్మన్ చట్టం. మన సంస్థల్లో రిజర్వేషన్ రోస్టర్‌కు అలవాటైనవారికి ఇది కొత్తగా అనిపిస్తుంది.

విద్యార్థి సహాయకుల పనిని మన పిల్లలు 'హివి జాబ్' అంటారు. నా దృష్టిలో ఈ ఉద్యోగాలన్నింటిలో తెలుగు విద్యార్థికి ఎక్కువ మేలు చేసేది ఇదే. 2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు, విశ్వవిద్యాలయంలో చేసే విద్యార్థి సహాయక పని ఆ లెక్కలోకి రాదు. డబ్బు రెస్టారెంట్ పనికంటే పెద్దగా ఎక్కువ ఉండకపోవచ్చు. అయితే ఒక ప్రొఫెసర్ మీ పనితీరును ఏడాదిపాటు దగ్గరగా చూస్తే, పైన చెప్పిన 'ముందే అనుకున్న అభ్యర్థి' మీరే కావచ్చు. ఈ పనులకు ప్రకటనలు కొన్నిసార్లు విభాగం నోటీసు బోర్డు దాటి రావు కాబట్టి, నానో ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ వంటి ఇంగ్లీషు కోర్సుల్లో చేరినవారు మొదటి సెమిస్టరులోనే విభాగాలకు వెళ్లి అడగడం మంచిది. ప్రొఫెసర్ పదవుల ప్రకటనలు విడిగా ఉంటాయి, వాటి ఎంపిక ప్రక్రియ సుదీర్ఘమైనది, ఈ సమీక్ష పరిధిలోకి అది రాదు.

ప్రకటనల్లో కనిపించని మరో సంగతి నగరం. డ్రెస్డెన్ చుట్టుపక్కల ఇన్ఫినియన్, గ్లోబల్‌ఫౌండ్రీస్, బాష్ చిప్ కర్మాగారాలు ఉన్నాయి, తైవాన్ సంస్థ టీఎస్ఎంసీ భాగస్వాములతో కలిసి కడుతున్న కర్మాగారానికి 2024 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. మాక్స్ ప్లాంక్, ఫ్రౌన్‌హోఫర్, హెల్మ్‌హోల్ట్జ్ పరిశోధన కేంద్రాలు కూడా అక్కడే ఉన్నాయి. వీఎల్‌ఎస్‌ఐ (చిప్‌ల రూపకల్పన) చదివిన మనవాళ్లకు డాక్టరేటు తర్వాత ఊరు మారకుండానే ఉద్యోగం దొరికే అవకాశం ఇంతగా ఉన్న నగరాలు జర్మనీలో ఎక్కువ లేవు. అదే నగరంలో 2014 నుంచి పదేళ్లపాటు వలసలకు వ్యతిరేకంగా పెగీడా ఊరేగింపులు జరిగాయన్నది కూడా నిజమే. విశ్వవిద్యాలయం లోపల ఇంగ్లీషుతో, అనేక దేశాల సహోద్యోగులతో నిశ్చింతగా పని చేసుకోవచ్చు. ఆవరణ దాటాక కాస్త జర్మన్ వచ్చినవారి జీవితం, రానివారి జీవితం ఒకేలా ఉండవు.

చివరిగా, భారత్ నుంచి నేరుగా దరఖాస్తు చేసేవారు చేరే తేదీ విషయంలో జాగ్రత్త పడాలి. 'వీలైనంత త్వరగా' అని ప్రకటనలో ఉన్నా, ప్రొఫెసర్ సరేనన్న తర్వాత సిబ్బంది విభాగం, ఉద్యోగుల మండలి అంగీకారం రావాలి, ఆ పైన ఒప్పందం, ఆ పైన వీసా. ఈ దశలకు నెలలు పడతాయి. కాబట్టి ఇంటర్వ్యూలోనే ఈ సంగతి ప్రస్తావించి, తేదీని ఎంతవరకు జరపగలరో, తేదీ జరిగితే ఒప్పందం ముగింపు కూడా అంతే జరుగుతుందో లేదో అడగాలి. ప్రాజెక్టు నిధికి ముగింపు తేదీ ముందే ఖరారై ఉంటే, ఆలస్యమైన ప్రతి నెలా అభ్యర్థి ఒప్పందంలోంచే తగ్గిపోతుంది. మూడేళ్లని ప్రకటించిన ఉద్యోగం రెండున్నర ఏళ్లకు కుదించుకుపోయే అవకాశం ఉందని తెలిసినవారు, చేరాలో వద్దో, పొడిగింపు గురించి రాతపూర్వకంగా అడగాలో ముందే నిర్ణయించుకోగలరు.